కంప్యూటర్ పీరియడ్‌లో కాస్త మొసలి సంగతి కూడా చెప్పండి

ఎడిటర్ గారూ, చెన్నైలో గట్టిగా వాన పడితే చాలు, మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో మొసలి వార్త వచ్చేస్తుంది. 2015 వరదలప్పుడు క్రొకడైల్ బ్యాంక్ అనే మొసళ్ళ పార్కు నుంచి మొసళ్ళు తప్పించుకున్నాయన్నారు, ఉత్త పుకారు. 2023 మిచౌంగ్ తుఫానప్పుడు పెరుంగళత్తూరులో రోడ్డు దాటిన మొసలి మాత్రం నిజమే, అటవీ శాఖ అధికారే చెప్పారు. మరి ఏది నమ్మాలో పిల్లలకి ఎవరు నేర్పాలి, పెద్దవాళ్ళమా, ముందు ఫార్వర్డ్ కొట్టేదే మనం కదా! కేరళలో స్కూలు ఐసీటీ (కంప్యూటర్) పుస్తకాల్లోనే ఫేక్ న్యూస్ పట్టుకోవడం పెట్టారు, మా పిల్లల స్కూల్లో ఇంకా పవర్‌పాయింట్ దగ్గరే ఉన్నారు. గూగుల్ లెన్స్‌లో ఫొటో వెతకడం నేర్పండి, అంతకన్నా వాళ్ళ చేతే చిన్న వీడియో తీయించి ఎడిట్ చేయించండి, "వాన తగ్గకపోతే రేపు సెలవు" అన్నదాంట్లో మొదటి రెండు మాటలు కట్ చేస్తే ఏం మిగుల్తుందో వాళ్ళకే తెలుస్తుంది. టీచర్లకి ముందు ట్రైనింగ్ ఇవ్వాలనుకోండి, అది వేరే.

- ఒక పేరెంట్, వేళచ్చేరి, చెన్నై