పొగమంచు అడిగితే ముసురు పట్టించారు

సర్వీస్ మేనేజర్ గారికి,

విషయం: మా గ్రీన్‌హౌస్‌లో మీ కంపెనీ బిగించిన ఫాగింగ్ సిస్టమ్ సరిగ్గా పనిచేయకపోవడం, దానివల్ల జరిగిన నష్టం గురించి ఫిర్యాదు.

నమస్కారం.

ఏడు వారాల కిందట మీ మనుషులు వచ్చి మా జెర్బెరా పూల గ్రీన్‌హౌస్‌లో చల్లదనం కోసం పైనుంచి సన్నటి తుంపర చల్లే సిస్టమ్ బిగించి వెళ్లారు. షెడ్డు 20 మీటర్ల వెడల్పు, 24 మీటర్ల పొడవు. ఎనిమిది లాటరల్ పైపులు (మెయిన్ పైపు నుంచి చీలేవి), ఒక్కోదానికి పది ఫాగర్లు, అంటే తుంపర చల్లే నాజిళ్లు, మొత్తం 80. డబ్బంతా ముందే కట్టేశాను. అప్పటి నుంచి మీ సర్వీస్ నంబరుకు ఆరుసార్లు ఫోన్ చేశాను. ఆరుసార్లూ వచ్చిన జవాబు ఒక్కటే: "ఇంకొంచెం ఎక్కువసేపు ఆన్ చేసి చూడండి." ఎక్కువసేపు ఆన్ చేసిన కొద్దీ మొక్కలు పోతున్నాయి. అందుకని ఫోన్ పక్కనబెట్టి మొదటి నుంచీ జరిగిందంతా రాస్తున్నాను. ఉత్తరం కాస్త పొడుగ్గానే ఉంటుంది. మోటార్ల సంగతి తెలిసిన మనిషి చేత చదివించండి.

బిగించిన రోజు నేను అక్కడే ఉన్నాను. మీ ఫిట్టింగ్ అబ్బాయిలు ఇద్దరూ పని బాగానే మొదలుపెట్టారు. ఒక్కో ఫాగర్ పైన, మోటారు ఆగగానే నీళ్లు కారకుండా మూసుకునే బొటనవేలంత యాంటీ డ్రిప్ వాల్వు కూడా పెట్టారు. సాయంత్రానికి మోటారు ఆన్ చేశారు. ప్రతి పైపులో మొదటి మూడు నాలుగు ఫాగర్లు పనిచేశాయి, మిగతావి నోరు తెరవలేదు. పైపులు తట్టి చూశారు, ఫిల్టర్ జాలీ విప్పి కడిగారు, ఎవరికో ఫోన్ చేశారు. చివరికి ఒకబ్బాయి నిచ్చెనెక్కి ఆ వాల్వులు ఒక్కొక్కటీ పీకేయడం మొదలుపెట్టాడు. పీకిన చోటల్లా నీళ్లు వచ్చాయి. గంటలో 80 ఫాగర్లూ చల్లడం మొదలుపెట్టాయి. అందరి మొహాలూ వెలిగిపోయాయి, నా మొహంతో సహా. వెళ్తూ వెళ్తూ ఆ వాల్వులన్నీ ఒక ప్లాస్టిక్ సంచిలో వేసి, "ఇవి ఎక్స్‌ట్రా, దాచుకోండి" అని నా చేతికిచ్చారు.

ఆ సంచి ఇప్పుడు నా టేబుల్ మీదే ఉంది. లెక్కపెట్టాను, 80 వాల్వులున్నాయి. ఎన్ని ఫాగర్లో అన్ని వాల్వులు. మరి ఎక్స్‌ట్రా ఎలా అవుతాయి?

మీరిచ్చిన కాగితంలోనే ఉంది, ఆ వాల్వు దాదాపు 3 బార్ల ప్రెజర్‌కు గానీ తెరుచుకోదని. ఫాగర్ సరిగ్గా పనిచేయాలంటే 4 బార్లు కావాలని కూడా అందులోనే ఉంది. అంటే ఆ రోజు వాల్వులు తెరుచుకోకపోవడం వాటి తప్పు కాదు. ప్రెజర్ లేదని అవి చెప్పాయి. చెప్పినవాటిని పీకి సంచిలో వేశారు.

మీవాళ్ల దగ్గర ప్రెజర్ గేజ్ లేదు. నేనే ఒకటి కొని ఒక లాటరల్ చివర బిగించాను. అన్నీ నడుస్తుండగా 1.8 బార్లు చూపించింది. నా గేజే తప్పేమో అని ఇంకోటి తెచ్చి పెట్టాను, అదీ అంతే చూపించింది.

కారణం మోటారు ప్లేటు మీదే రాసి ఉంది. గరిష్ఠ హెడ్ (నీటిని నెట్టగల ఎత్తు) 45 మీటర్లు, గరిష్ఠ డిశ్చార్జి (తోడే నీరు) నిమిషానికి 60 లీటర్లు. మా ఫాగర్ ఒక్కోటి 4 బార్ల దగ్గర గంటకు 28 లీటర్లు తీసుకుంటుంది, 80కి నిమిషానికి 37 లీటర్లు. 4 బార్లంటే సుమారు 41 మీటర్ల హెడ్. 45 కంటే 41 తక్కువ, 60 కంటే 37 తక్కువ, కాబట్టి సరిపోతుందని మీ సేల్స్ మనిషి లెక్క వేసి ఉంటారు. ఆ రెండు అంకెలూ ఒకేసారి రావు కదండీ! 45 మీటర్ల హెడ్ వచ్చేది నీళ్లు అసలు కదలనప్పుడు, 60 లీటర్లు వచ్చేది హెడ్ ఏమీ లేనప్పుడు. నిమిషానికి 37 లీటర్లు తోడుతున్నప్పుడు ఈ మోటారు 41 మీటర్లు ఇవ్వడం జరిగే పని కాదు. పైగా పైపులు మూడు మీటర్ల ఎత్తులో ఉన్నాయి, మధ్యలో ఫిల్టర్ ఉంది, పైపుల్లో రాపిడి ఉంది. మోటారు ఎంచుకునేటప్పుడు చూడాల్సింది ప్లేటు కాదు, ఎంత డిశ్చార్జికి ఎంత హెడ్ వస్తుందో చూపించే చార్టు. అది మీ దగ్గర ఉండే ఉంటుంది.

ప్రెజర్ తగ్గితే ఏమైంది? చుక్క లావైంది. ఒక నల్లటి అట్టముక్క తీసుకుని ఫాగర్ కింద రెండు సెకన్లు పట్టుకుని చూశాను. పైపు మొదట్లో కాస్త సన్నటి చెమ్మలాగా పడింది. చివరి ఫాగర్ కింద ఆవగింజలంత చుక్కలు, చూస్తుండగానే ఒకదానితో ఒకటి కలిసి కిందికి జారాయి. ఒక లీటరు నీరు ఆవిరైతే సుమారు 2,400 కిలోజౌళ్ల వేడిని గాలిలోంచి లాక్కుంటుంది. అలా ఆవిరి కావాలంటే చుక్క గాలిలో ఉండగానే మాయం కావాలి. ఆవగింజంత చుక్క ఎక్కడ మాయమవుతుంది? నేరుగా వచ్చి ఆకు మీద కూర్చుంటుంది. మేము అడిగింది పొగమంచు, మీరు పట్టించింది ముసురు.

అసలు నష్టం ఇక్కడ కాదు, మోటారు ఆగాక మొదలవుతోంది. వాల్వులు లేవు కాబట్టి పైపులో ఉన్న నీరంతా కుంగిన చోట్ల ఉన్న ఫాగర్ల నుంచి కారిపోతుంది. లాటరల్ పైపులు తీగకు అక్కడొకటి ఇక్కడొకటి క్లిప్పులతో వేలాడదీశారు. ఎండకు పైపు మెత్తబడి, మధ్యలో బట్టలారేసే తాడులా కుంగింది. ఒక్కో పైపులో మూడున్నర లీటర్ల దాకా నీళ్లు పడతాయి. బాగా కుంగిన ఫాగర్ కింద మగ్గు పెట్టి గడియారం చూస్తూ కూర్చున్నాను. మోటారు ఆపాక 13 నిమిషాల పాటు చుక్కలు పడుతూనే ఉన్నాయి. మగ్గులో ముప్పావు లీటరు చేరింది. రోజుకు ఎన్నిసార్లు ఆన్ అయితే అన్నిసార్లు ఇదే తంతు, అదే మొక్క నెత్తిన.

జెర్బెరా పెంచేవాళ్లకు ఇది చెప్పక్కర్లేదు గానీ, మీకు చెప్పాలి. ఈ మొక్కకు మొవ్వే ప్రాణం. అందులో తడి నిలిస్తే కుళ్లుతుందని, నాటేటప్పుడే అది మట్టికి పైన ఉండేలా చూసుకుంటాం. మూడో వారంలో కొన్ని మొక్కలు మధ్యాహ్నం వాలి, సాయంత్రానికి మళ్లీ లేస్తున్నాయి. ఎండ దెబ్బేమో అనుకున్నాను. నాలుగో వారంలో ఒక ఆకు పట్టుకుని మెల్లగా లాగితే ఏ పట్టూ లేకుండా చేతిలోకి వచ్చేసింది. దాని మొదట్లో గోధుమరంగు జిగురు, ముక్కు మూసుకునే వాసన. లైన్లో నిలబడి పైకి చూశాను. పోయిన మొక్కలన్నీ వరసగా పైపు కుంగిన చోట్ల కిందే ఉన్నాయి. పైపుకు దూరంగా, అదే మట్టిలో, అదే రోజు నాటిన మొక్కలు నిక్షేపంగా ఉన్నాయి. ఇప్పటికి 214 మొక్కలు పీకేశాను. బతికినవాటి పూల రేకుల మీద గుండుసూది మొనంత బూడిదరంగు మచ్చలు. అది బోట్రైటిస్ బూజు, గంటల తరబడి తడి ఉంటేనే పట్టుకుంటుంది. మీ అబ్బాయిలు టైమర్‌ను చీకటి పడేదాకా నడిచేలా పెట్టి వెళ్లారు. పొద్దు గూకడానికి రెండు గంటల ముందే ఆపేయాలని, ఆకు ఆరడానికి టైమ్ ఇవ్వాలని వాళ్లకు ఎవరూ నేర్పలేదా?

మీ సర్వీస్ సెంటర్ వాళ్లు దీనికి ఏమన్నారో తెలుసా? "మీరు నీళ్లు ఎక్కువ పెడుతున్నారేమో" అని. పుండు మీద కారం చల్లడం అంటే ఇదే.

టైమర్ సంగతి కూడా చెప్పాలి. మీరిచ్చిన టైమర్‌లో అతి తక్కువ సెట్టింగ్ ఒక నిమిషం. పూర్తి ప్రెజర్ ఉంటే ఒక నిమిషంలో 37 లీటర్లు పడతాయి. ఫాగింగ్‌కు కావాల్సింది పది సెకన్లు ఆన్, కొన్ని నిమిషాలు ఆఫ్. పది సెకన్లకు ఆరు లీటర్లు, అది ఆవిరయ్యాకే మళ్లీ. టైమర్ మారిస్తే సరిపోతుందా అంటే, వాల్వులు లేకుండా అదీ కుదరదు. ప్రతిసారీ ఖాళీ అయిన పైపులు నిండటానికే పది సెకన్లు దాటిపోతాయి, నిండేలోపు ఫాగర్లు గాలి, నీళ్లు కలిపి ఉమ్ముతాయి. ఒక చిన్న మోటారుతో మొదలైన తప్పు ఎక్కడెక్కడికి పాకిందో చూడండి.

ఇంకో సలహా కూడా ఇచ్చారు మీవాళ్లు. "ఫాగర్లు నడిచేటప్పుడు పక్క కర్టెన్లు దించేయండి, చల్లదనం బయటికి పోదు" అని. ఏసీ గది అనుకున్నారు కాబోలు. నేనూ నమ్మి మూడు రోజులు దించాను, అది నా తెలివితక్కువతనం. మూడో రోజు మధ్యాహ్నం లోపల 35 డిగ్రీలు, తేమ 94 శాతం. లోపలికి వెళ్తే ఊపిరి ఆడలేదు, కళ్లద్దాలు మసకబారాయి. తేమ నిండిన గాలి బయటికి పోయి పొడి గాలి లోపలికి వస్తేనే కదా నీరు ఆవిరయ్యేది! కర్టెన్లు ఎత్తాక కనీసం ఆ ఉక్కపోత తగ్గింది.

మీ బ్రోషర్‌లో "ఏ వాతావరణంలోనైనా 10 నుంచి 12 డిగ్రీలు తగ్గింపు గ్యారంటీ" అని రాశారు. బయట 38 డిగ్రీలు, తేమ 30 శాతం ఉన్న రోజున తడి బల్బు ఉష్ణోగ్రత, అంటే నీటిని ఆవిరి చేసి గాలిని చల్లబరచగల అడుగు హద్దు, 24 దగ్గర ఉంటుంది కాబట్టి కొంత ఆశ ఉంది. 32 డిగ్రీలు, తేమ 80 శాతం ఉన్న రోజున అది 29. ఆ రోజు ఎంత గొప్ప ఫాగర్ అయినా అంతకంటే కిందికి దించలేదు, మూడు డిగ్రీలు తగ్గితే అదే ఎక్కువ. ఆ వాక్యం తీసేయండి, నాలా ఇంకొకరు నమ్మకుండా ఉంటారు.

నా వైపు లోపం ఒకటుంది, దాచను. మా బోరు నీళ్లు కఠినం. ఆకుల మీద తెల్లటి పొర కడుతోంది, కొన్ని నాజిళ్లు సున్నం పట్టి మూసుకుపోతున్నాయి. వాన నీళ్లు నిల్వ చేసుకునే ఏర్పాటు నేనే చేసుకుంటున్నాను. కాకపోతే సిస్టమ్ అమ్మే ముందు "మీ నీళ్లెలాంటివి?" అని ఒక్క మాట అడగడం మీ పని. పైపుల చివర కడుక్కోవడానికి ఫ్లష్ వాల్వులైనా పెట్టలేదు, ఎండ్ క్యాపులు గట్టిగా బిగించేశారు.

ఇక నాకు కావాల్సింది. ముందు మోటారు మార్చాలి. నిమిషానికి 40 లీటర్లు తోడుతూనే 50 మీటర్ల హెడ్ ఇచ్చేది కావాలి, అది చార్టులో నాకు చూపించాకే బిగించాలి. ఆ తర్వాత 80 వాల్వులూ మళ్లీ పెట్టాలి. సంచిలో ఉన్నవాటిలో తొమ్మిదింటికి లోపలి రబ్బరు చిరిగింది, వాటికి కొత్తవి తేవాలి. లాటరల్ పైపులు తీగకు దగ్గర దగ్గరగా క్లిప్పులు వేసి, లెవెల్ చూసి కట్టాలి. సెకన్లలో పెట్టుకునే టైమర్ ఇవ్వాలి, చివర్లలో ఫ్లష్ వాల్వులు పెట్టాలి. ఇవేవీ నేను అదనంగా అడుగుతున్నవి కావు, పనిచేసే సిస్టమ్ అంటే ఇవన్నీ కలిపే. కాబట్టి వీటికి పైసా కూడా కట్టను. పోయిన 214 మొక్కలకు, తిరిగి నాటే కూలికి పరిహారం మీరే ఇవ్వాలి. ఫోటోలు, గేజ్ వీడియో, మీ బిల్లు, మోటారు ప్లేటు ఫోటో ఈ ఉత్తరంతో జతచేస్తున్నాను.

ఈ ఉత్తరం అందిన 15 రోజుల్లో పని మొదలుపెట్టాలి. అలా కుదరదంటే మీ సామాను మీరు విప్పుకుని వెళ్లి, కట్టిన డబ్బు వెనక్కివ్వండి. రెండూ జరగకపోతే ఇదే ఫైలుతో వినియోగదారుల కేసు వేస్తాను. "ఎక్కువసేపు ఆన్ చేయండి" అని చెప్పడానికైతే దయచేసి ఫోన్ చేయకండి. సిస్టమ్ ఆపేసి పది రోజులైంది. ప్రస్తుతం షేడ్ నెట్ వేసి, కర్టెన్లు ఎత్తి నెట్టుకొస్తున్నాం.

మీ మనుషులు ఎప్పుడొస్తారో ఒకరోజు ముందు చెబితే ట్యాంకు నింపి ఉంచుతాను, నిచ్చెన నా దగ్గరే ఉంది. వాళ్లు వెళ్లే ముందు మొదటి ఫాగర్ దగ్గర, చివరి ఫాగర్ దగ్గర ప్రెజర్ ఎంతుందో చూసి, కాగితం మీద రాసి సంతకం పెట్టాలి. గేజ్ ఈసారి వాళ్లదే తెచ్చుకోమనండి.

ఇట్లు,
మీ వినియోగదారు
(బిల్లు నంబరు, ఫోన్ నంబరు జతచేసిన బిల్లు మీద ఉన్నాయి)