తిట్టి పంపితే మానేది తాగుడు కాదు, మాత్రలు

సంపాదకుల వారికి,

ప్రపంచ ఎయిడ్స్ దినం డిసెంబరు 1 వచ్చిందంటే ఎర్ర రిబ్బన్లు, కాలేజీ పిల్లల ర్యాలీలు, మానవహారాలు మీ పత్రికలో తప్పకుండా కనిపిస్తాయి. కొత్తగా ఎంతమందికి సోకింది, ఎంత తగ్గింది అనే లెక్కలూ వేస్తారు. హెచ్‌ఐవీతో బతుకుతూ, ఏఆర్‌టీ మాత్రలు (వైరస్‌ను అదుపులో ఉంచే మందులు) వాడుతూ, చీకటి పడితే వైన్‌షాపు దారి పట్టేవాళ్ల గురించి మాత్రం ఒక్క ముక్క ఉండదు. పల్నాడు ప్రాంతంలో ఒక ఏఆర్‌టీ కేంద్రంలో కొన్నేళ్లు కౌన్సిలర్‌గా పనిచేశాను కాబట్టి ఆ ముక్క నేను రాస్తున్నాను.

కౌన్సిలర్ దగ్గర ముందు జరిగేది మాత్రల లెక్క. రోగి చికిత్స వివరాలుండే గ్రీన్ బుక్ తీసుకుని, పోయినసారి ఇచ్చిన డబ్బా తెరిచి ఎన్ని మిగిలాయో చూస్తాం. ఒకసారి ఒక తాపీమేస్త్రి డబ్బాలో తొమ్మిది మిగిలాయి. నెలకు ఒకటి మిగిలినా ఆరా తీయాల్సిన చోట తొమ్మిది! ఏమైందంటే తల దించుకున్నాడు. "తాగిన రోజు వేసుకోలేదు మేడమ్. రెండూ కలిస్తే లోపల విషమైపోద్దంట గదా" అన్నాడు. ఎవరు చెప్పారని అడిగా. "ఇక్కడే చెప్పారు. తాగేవాడికి ఈ మాత్రలు దండగన్నారు."

మరిచిపోయి మానేవాళ్లు వేరు, భయపడి కావాలని మానేవాళ్లు వేరు. ఈ రెండోవాళ్లను తయారుచేసింది మన నోరే. ఇప్పుడు మన దేశంలో ఎక్కువమందికి ఇస్తున్నది టెనోఫోవిర్, లామివుడిన్, డోలుటెగ్రావిర్ కలిపిన ఒకే మాత్ర. మద్యం తాగినంత మాత్రాన అది విషమైపోదు. తాగుడు లివర్‌ను పాడుచేస్తుంది, నిజమే. హెపటైటిస్-బి ఉన్నవాళ్లకు, టీబీ రాకుండా ఐసోనియాజిడ్ వాడుతున్నవాళ్లకు ఆ ముప్పు ఇంకా ఎక్కువ. ఆ సంగతి డాక్టరు దగ్గర దాచకూడదు. అంతేగానీ తాగిన రోజు ఏఆర్‌టీ మాత్ర ఎగ్గొడితే లివర్‌కు ఒరిగేదేమీ లేదు, లాభపడేది వైరసే. మాత్రలు పడకపోతే వైరల్ లోడ్, అంటే రక్తంలో వైరస్ మోతాదు, పెరుగుతుంది, మందుకు లొంగని వైరస్ పుట్టుకొస్తుంది. అదే రోజూ వేసుకుని, పరీక్షలో కనబడనంతగా వైరల్ లోడ్ తగ్గించుకున్న మనిషి నుంచి లైంగిక సంబంధం ద్వారా భాగస్వామికి హెచ్‌ఐవీ సోకదు. అంటే ఆ డబ్బాలో మిగిలిన మాత్రల్లో మేస్త్రి భార్య ఆరోగ్యం కూడా ఉంది.

2021 అంచనాల ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో హెచ్‌ఐవీతో జీవిస్తున్నవాళ్లు సుమారు 3.21 లక్షలు. పెద్దవాళ్లలో 0.67 శాతం. దేశం మొత్తానికి ఇది 0.21 శాతమే. ఇంత భారం ఉన్న రాష్ట్రంలో తాగుడు గురించి రోగిని ఎలా అడగాలో కూడా మనం నేర్పడం లేదు.

"తాగుతావా?" అంటే "లేదు మేడమ్" అంటారు. "ఎంత తాగుతావు?" అంటే "ఏముంది, ఒక్క క్వార్టరే" అంటారు. పది గ్రాముల ఆల్కహాల్‌ను ఒక డ్రింకుగా లెక్కేస్తే, 180 ఎంఎల్ క్వార్టర్‌లో ఆరు డ్రింకులు ఉంటాయి. స్ట్రాంగ్ బీరు పెద్ద సీసాలో దాదాపు నాలుగు. ఈ లెక్క కాగితం మీద వేసి చూపిస్తే చాలామంది నోరెళ్లబెడతారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ తయారుచేసిన ఆడిట్ అనే పది ప్రశ్నల పట్టిక ఉంది. తీరిక లేకపోతే అందులో మొదటి మూడూ చాలు: ఎన్నాళ్లకోసారి తాగుతారు, తాగిన రోజు ఎంత తాగుతారు, ఒకేసారి కూర్చుని ఆరు లేదా అంతకు మించి డ్రింకులు తాగడం ఎంత తరచుగా జరుగుతుంది. రెండు నిమిషాల పని.

తర్వాత ఏం చేయాలన్నదానికి దారి గోవాలో చూపించారు. అక్కడి ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలకు వచ్చిన, ప్రమాదకరంగా తాగే 377 మంది మగవాళ్ల మీద చేసిన అధ్యయనం 2017లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. సైకాలజీ డిగ్రీలేమీ లేని మామూలు మనుషులకు శిక్షణ ఇచ్చి, తాగేవాళ్లతో గరిష్ఠంగా నాలుగుసార్లు మాట్లాడించారు. మూడు నెలల తర్వాత చూస్తే, గత రెండు వారాల్లో చుక్క ముట్టనివాళ్లు 42 శాతం. మామూలు వైద్యం మాత్రమే అందినవాళ్లలో 18 శాతం. తాగడం కొనసాగించినవాళ్లు తాగే మోతాదులో మాత్రం పెద్ద తేడా రాలేదు, అదీ చెప్పాలి. ఆ అధ్యయనం హెచ్‌ఐవీ ఉన్నవాళ్ల కోసం చేసింది కాదు. వాళ్ల కోసమే చేసినది కెన్యాలోని ఎల్డోరెట్‌లో ఉంది. మగవాళ్లను, ఆడవాళ్లను వేర్వేరు గుంపులుగా కూర్చోబెట్టి, ఆరు వారాలు, వాళ్ల భాషలోనే నడిపారు. అక్కడా తాగుడు తగ్గింది. ఆడవాళ్లను విడిగా కూర్చోబెట్టడం మనకూ పనికొస్తుంది. మన దగ్గర తాగే ఆడవాళ్లు లేరని ఎవరైనా అంటే వాళ్లు ఏఆర్‌టీ కేంద్రం గడప తొక్కలేదనుకోవాలి.

ఈ మాటల థెరపీలో బ్రహ్మవిద్యేమీ లేదు. మేస్త్రితో నేను మాట్లాడిన తీరు చెబుతాను. "తాగుడు తగ్గించాలని ఎంత ఉంది? పదికి ఎన్ని మార్కులు వేస్తావు?" అన్నా. "మూడు" అన్నాడు. "మరి సున్నా ఎందుకు వేయలేదు?" కాసేపు ఆగి, కూతురికి సంబంధాలు చూస్తున్నామని, వచ్చినవాళ్ల ముందు తూలకూడదని చెప్పాడు. ఆ కారణం నేను చెప్పి ఉంటే ఒక చెవితో విని రెండో చెవితో వదిలేసేవాడు. తన నోటితో తనే చెప్పుకున్నాడు కాబట్టి పట్టుకోవడానికి ఒక కొస దొరికింది. తర్వాత ఎప్పుడు, ఎవరితో తాగుతాడో తీశాం. శనివారం కూలి డబ్బులు పంచేది వైన్‌షాపు పక్కనే! డబ్బులు పంచే చోటు మార్చుకోవడం, "రారా, ఒక్క పెగ్గు" అనేవాడికి ఏం చెప్పి తప్పుకోవాలో నా ముందే నాలుగుసార్లు అనిపించడం, ఇవే పాఠాలు. ఇంకొకటి, మాత్ర రాత్రి నుంచి పొద్దుటికి మార్పించాం. పాత ఎఫావిరెంజ్ మాత్ర తల తిప్పుతుందని పడుకునే ముందు వేసుకోమనేవాళ్లం. మాత్ర మారినా ఆ అలవాటు చాలామందిని వదల్లేదు. ఇప్పటిది పొద్దున టిఫిన్ తిని వేసుకోవచ్చు. పొద్దున వేసుకుంటే రాత్రి తాగినా తాగకపోయినా మాత్ర తప్పదు. అతను పూర్తిగా మానలేదు. కానీ నేను ఉన్నంత కాలం డబ్బాలో మళ్లీ అన్ని మాత్రలు మిగల్లేదు.

అందరికీ మాటలతో సరిపోదు. పొద్దున లేస్తూనే చెయ్యి వణికేవాడిని "ఈ క్షణం నుంచే మానెయ్" అని ఇంటికి పంపడం ప్రమాదం. ఉన్నపళంగా ఆపితే ఫిట్స్ రావచ్చు, మతి తప్పవచ్చు, ప్రాణం మీదికీ రావచ్చు. 2020 లాక్‌డౌన్‌లో కల్లు, మద్యం దొరక్క ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రికి ఎంతమంది పరిగెత్తారో హైదరాబాద్ మరిచిపోయి ఉండదు. ఇలాంటివాళ్లను చేర్చుకుని చూడాలి. అయితే "ఫలానా డీఎడిక్షన్ సెంటరుకు వెళ్లు" అని చీటీ రాసిస్తే వెళ్లరు. అక్కడ హెచ్‌ఐవీ సంగతి మళ్లీ కొత్తవాళ్లకు చెప్పుకోవాలి, అదీ వాళ్ల టెన్షన్. 2017 నాటి హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం వివక్ష చూపకూడదనీ, వివరాలు బయటపెట్టకూడదనీ చెబుతోంది. ఆ మాట రోగికి చెప్పే మనిషి ఉండాలి. వీలైతే సైకియాట్రిస్టే వారానికి ఒకపూట ఏఆర్‌టీ కేంద్రానికి రావాలి.

షాపులన్నీ మూసేస్తే సరిపోతుంది కదా అనేవాళ్లు ఉంటారు. 1995లో మద్యనిషేధం పెట్టాం, 1997లో ఎత్తేశాం. ఆ చర్చకు దిగితే ఈ ఉత్తరం తెమలదు. మేస్త్రి మాత్రలు అంతదాకా ఆగవు.

రెండు తెలుగు రాష్ట్రాల ఎయిడ్స్ నియంత్రణ సంస్థలను అడిగేది ఇంతే. ప్రతి కేంద్రంలో కౌన్సిలర్లకు ఈ పద్ధతిలో శిక్షణ ఇవ్వండి. రోగికి ఐదు నిమిషాలు కూడా దక్కని వరుసలో శిక్షణ వృథా కాబట్టి, దీనికే ఒక మనిషిని విడిగా పెట్టండి. "తాగినా సరే, మాత్ర మానొద్దు" అని గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించండి. తాగుడును ప్రోత్సహించినట్టవుతుందని ఒక పెద్దమనిషి నాతో వాదించారు. ఆ బోర్డు చూసి తాగుడు మొదలుపెట్టేవాళ్లు ఎవరూ ఉండరు. గ్రీన్ బుక్ వెనక అట్ట మీద ఎయిడ్స్ హెల్ప్‌లైన్ 1097తో పాటు మానసిక ఆరోగ్య సహాయానికి టెలీమానస్ నంబరు 14416 కూడా అచ్చు వేయండి. దానికి పెద్ద ఖర్చేమీ కాదు.

ఇట్లు,
ఒక మాజీ ఏఆర్‌టీ కౌన్సిలర్,
నరసరావుపేట