మూడు పుస్తకాల సెట్టులో లోపాల గురించి ఫిర్యాదు

విజయవాడ

ప్రచురణ విభాగం మేనేజర్ గారికి,

నమస్కారం.

జనవరిలో విజయవాడ పుస్తక మహోత్సవంలో మీ స్టాల్లో కొన్న మూడు పుస్తకాల సెట్టు గురించి ఈ ఉత్తరం. అందులో ఒకటి డిటెక్టివ్ నవల, ఒకటి నిజ నేరాల పుస్తకం, మూడోది పాత కథల సంకలనం. బిల్లు నకలు, పేజీల ఫొటోలు జతచేశాను. మహోత్సవం అయ్యాక స్టాల్ ఉండదు, ఏలూరు రోడ్డు దుకాణాలవాళ్లు తాము అమ్మని కాపీని మార్చివ్వరు. అందుకే నేరుగా మీకు రాస్తున్నాను.

ముందు నవల సంగతి. 128వ పేజీ తర్వాత మళ్లీ 113 మొదలై 128 దాకా నడిచి, ఆపైన ఏకంగా 145 వస్తోంది. అంటే 16 పేజీల ఎనిమిదో ఫారం (ఒకే కాగితం మీద అచ్చువేసి మడిచిన పేజీల కట్ట) రెండుసార్లు పడి, తొమ్మిదోది అసలు పడలేదు. ఫారాలు పేర్చేచోట ఒక దొంతర బదులు ఇంకోటి పెడితే ఇలా అవుతుంది, అప్పుడు తప్పు ఒక్క కాపీతో ఆగదు. గోడౌన్లో మిగిలిన కాపీలన్నీ తీయించి చూడండి. ప్రతి ఫారం వీపు మీద చిన్న నల్లగీత ఒక్కో మెట్టు కిందకి జరుపుతూ అచ్చువేయిస్తే, పేర్చిన కట్టలో ఎక్కడ మెట్టు తప్పిందో కంటికే తెలుస్తుంది. గమ్ బైండింగ్‌లో వీపు కోసేశాక ఆ గీతలు పోతాయి కాబట్టి ఈ పని అంతకుముందే జరగాలి.

డిటెక్టివ్ నవలలో 16 పేజీలు పోతే కథతోపాటు ఆధారాలూ పోతాయి. వెనక అట్ట మీది పరిచయంలో హంతకుడి వృత్తినీ, హతుడితో అతనికున్న పాత తగాదానీ రాసేశారు. రచయిత చివరి అధ్యాయం దాకా దాచిపెట్టినవి ఆ రెండే. అట్ట మీది పరిచయం నవల మొదటి పాతిక శాతం దాటకూడదని నా అభిప్రాయం.

నా అసలు బాధ రెండో పుస్తకంతో. అత్యాచారం, హత్య జరిగిన కేసులో బాధితురాలి పేరు మార్చామని ముందుమాటలో చెప్పారు. లోపల మాత్రం ఊరి పేరు, తండ్రి ఉద్యోగం, చదివిన కాలేజీ, సంవత్సరం అన్నీ ఉన్నాయి. ఆ ఊళ్లో ఎవరిని అడిగినా అమ్మాయి ఎవరో చెప్పేస్తారు. భారతీయ శిక్షాస్మృతి 228ఎ సెక్షన్, ఇప్పటి భారతీయ న్యాయ సంహితలో 72వ సెక్షన్, నిషేధించేది పేరొక్కటే కాదు, ఆమె ఎవరో తెలియజేసే ఏ వివరమైనా. శిక్ష రెండేళ్ల వరకు జైలు, జరిమానా. బాధితురాలు చనిపోయినా ఈ రక్షణ పోదని 2018లో నిపుణ్ సక్సేనా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ కుటుంబం ఇంకా అక్కడే బతుకుతూ ఉండొచ్చు. ఈ పుస్తకం వాళ్ల వీధి చివర బడ్డీకొట్లో వేలాడటం ఊహించుకోండి.

ఇంకో కేసులో, నిందితుడు పోలీసుల ముందు ఒప్పుకున్నాడంటూ ఆ మాటల్ని జరిగినదంతా అదే అన్నట్టు ఐదారు పేజీలు రాయించారు. పోలీసు అధికారికి ఇచ్చిన నేరాంగీకారం సాక్ష్యంగా చెల్లదని 1872 సాక్ష్య చట్టం 25వ సెక్షన్లోనే ఉంది. కొత్త భారతీయ సాక్ష్య అధినియమంలో అది 23వది. ఆ మాటల వల్ల ఏదైనా వస్తువు దొరికితే, దానికి సంబంధించినంత ముక్కే కోర్టు చూస్తుంది. మేజిస్ట్రేటు ముందు ఇచ్చిన వాంగ్మూలం సంగతి వేరు. మీ పుస్తకంలో ఈ తేడా ఎక్కడా లేదు. ఎఫ్‌ఐఆర్‌లో రాసింది, చార్జిషీటులో ఆరోపించింది, తీర్పులో తేలింది ఒకే గొంతుతో కలిపేశారు. ఏ కోర్టు, ఏ సంవత్సరం తీర్పు, అప్పీలులో ఏమైంది అనేవి కూడా లేవు. కింది కోర్టు శిక్ష వేసిన మనిషిని హైకోర్టు వదిలేసి ఉంటే, మీ పుస్తకం ఒక నిర్దోషిని హంతకుడంటున్నట్టే. నవలలో రచయిత కల్పించుకోవచ్చు. నిజ నేరమని అట్ట మీద వేశాక ప్రతి వాక్యానికీ కాగితం ఆధారం ఉండాలి.

కథల సంకలనంలో ఎంపిక చాలా బాగుంది, అందుకే ఇంకా బాధ. ఒక్క కథకూ మొదట అచ్చయిన పత్రిక, సంవత్సరం లేవు. 1957కు ముందు రూపాయికి 16 అణాలు. అది తెలియకపోతే పాత కథలో కూలివాడి ‘బేడ’ ఎంతో పాఠకుడికి అందదు. మీవాళ్లు దాన్ని ‘రెండు పైసలు’ అని మార్చారు. బేడ అంటే రెండణాలు, ఇప్పటి లెక్కలో పన్నెండున్నర పైసలు. గుంటూరు పల్లె మనుషుల ‘యాడికి పోతన్నావు’ను ‘ఎక్కడికి వెళ్తున్నావు’ చేయడం ఇంకా పెద్ద తప్పు. అచ్చు వివరాలు కావాలంటే 1997లో కాళీపట్నం రామారావు గారు శ్రీకాకుళంలో స్థాపించిన కథల గ్రంథాలయం, కథానిలయం ఉంది, అడిగి చూడండి. ఒత్తులు ఎగిరిపోయినచోట్లు చూస్తే డీటీపీలో వాడే అను ఫాంట్ నుంచి యూనికోడ్‌కి మార్చాక ప్రూఫులు దిద్దలేదని తెలుస్తోంది.

కోరేది ఇది. నేరాల పుస్తకం అమ్మకం వెంటనే ఆపి, బాధితురాలిని గుర్తుపట్టించే వివరాలన్నీ తీసేశాకే మళ్లీ వేయండి. ఫారం తప్పిన నవలకు బదులు సరైన కాపీ మీ ఖర్చుతో పంపండి. కథల సంకలనానికి ప్రథమ ముద్రణ వివరాలతో, తప్పొప్పుల పట్టికతో ఒక కరపత్రం అచ్చువేసి, కొన్నవాళ్లకు పంపండి. 15 రోజుల్లో జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేస్తాను. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం కొన్నవాళ్లు తాము ఉంటున్న చోటే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లొచ్చు కాబట్టి, ఆ తర్వాత కేసు కూడా విజయవాడలోనే వేస్తాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు
సత్యనారాయణపురం, విజయవాడ

జతపరచినవి: బిల్లు నకలు, నవల 128, 113, 145 పేజీల ఫొటోలు, వెనక అట్ట ఫొటో