ఎండుటాకులు తగలబెట్టకండి, మాకివ్వండి: పురపాలక శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన పురపాలక శాఖ మంత్రి గారికి,

నమస్కారం. తడి చెత్తను ఇంట్లోనే ఎరువు చేసుకోమని మీ శాఖ ఏళ్ళుగా చెబుతోంది. గోడల మీద రాయించారు, చెత్త బండి మైకులో పాట పెట్టించారు, కొన్ని కాలనీల్లో డబ్బాలూ పంచారు. మంచి పనే. కానీ ఆ డబ్బాలో కూరగాయల తొక్కలతో పాటు తప్పనిసరిగా పడాల్సిన ఎండుటాకుల గురించి మీ కరపత్రాల్లో ఒక్క వాక్యం లేదు. మేము వాటికోసం వెతుక్కుంటుంటే, ఫిబ్రవరి వచ్చిందంటే చాలు, తెల్లవారుజామున పార్కుల మూలల్లో అవే ఆకులను కుప్పపోసి నిప్పు పెడుతున్నారు.

దీని మీద అర్జీలు ఇచ్చాం. వార్డు కార్యాలయంలో ఇచ్చాం, యాప్‌లో ఫొటోలతో పెట్టాం. రసీదు నంబర్లు వచ్చాయి. వారం తిరక్కుండా "పరిష్కరించాం" అని సందేశమూ వచ్చింది. ఆ మర్నాడే అదే మూలలో పొగ లేచింది. అందుకే ఈ బహిరంగ లేఖ.

డబ్బాలు పుచ్చుకున్న ఇళ్ళలో చాలామంది రెండు నెలలకే ఎందుకు మానేస్తున్నారో మీ అధికారులు ఎప్పుడైనా అడిగారా? "జనానికి ఓపిక లేదు" అంటున్నారు. ఓపిక లేక కాదండీ. కంపు భరించలేక మానేస్తున్నారు. ఆ కంపుకు కారణం ఉంది. కూరగాయల తొక్కల్లో నూటికి 80 పాళ్ళకు పైగా నీరే. నత్రజని కూడా ఎక్కువ. చెత్తను కుళ్ళబెట్టకుండా ఎరువు చేసే సూక్ష్మజీవులకు కర్బనం, నత్రజని 25-30 పాళ్ళకు 1 చొప్పున కావాలి, గాలి కావాలి. ఉత్త తొక్కలే వేస్తూ పోతే అవి పదిరోజుల్లో మెత్తబడి ఒకదానిమీద ఒకటి అణిగిపోతాయి. గాలి ఆడదు. గాలి లేనిచోట బతికే జీవులు చేరి కుళ్ళిన కోడిగుడ్డు వాసన తెస్తాయి. అడుగున నల్లటి ఊట నిలుస్తుంది. ఈగలు గుడ్లు పెడతాయి. మూత తీయగానే పురుగులు కనిపిస్తే ఇల్లాలు ఆ డబ్బాను మళ్ళీ ముట్టుకుంటుందా? పక్కింటివాళ్ళు ఊరుకుంటారా?

కర్బనం ఎక్కువగా ఉండి, మధ్యలో గాలి ఆడనిచ్చే ఎండుటాకులు తగినన్ని ఉంటే ఇదంతా జరగదు. పద్ధతి ఇంతే: డబ్బా చుట్టూ బెత్తెడుకొకటి చొప్పున చిటికెనవేలు పట్టేంత రంధ్రాలు, అడుగునా నాలుగైదు రంధ్రాలు వేయాలి. రెండు ఇటుకల మీద ఎత్తుగా పెట్టి కింద పళ్ళెం ఉంచాలి. అడుగున బెత్తెడు మందాన ఎండుటాకులో కొబ్బరి పీచో పరవాలి. రోజూ తొక్కలను అంగుళం ముక్కలుగా తరిగి వేసి, కొలతకు రెండింతలు నలిపిన ఎండుటాకులు కప్పాలి. ఒక గిన్నె తొక్కలకు రెండు గిన్నెల ఆకులన్నమాట. మొదట్లో ఒక గ్లాసు పుల్లటి మజ్జిగ చల్లితే పని త్వరగా మొదలవుతుంది. వారానికి రెండుసార్లు అడుగునుంచి తిరగేయాలి. గుప్పిట్లో పట్టి పిండితే ఒకటి రెండు చుక్కలు రావాలి. ధార కడితే ఆకులు ఇంకా వేయాలి, పొడిపొడిగా ఉంటే నీళ్ళు చిలకరించాలి. రెండున్నర మూడు నెలలకు మట్టి వాసన వచ్చే ఎరువు చేతికొస్తుంది. జల్లించి మరో రెండు వారాలు నీడలో మాగనిచ్చాకే కుండీలకు వేయాలి. తొందరపడి పచ్చి ఎరువు వేస్తే అది కుండీలోనే కుళ్ళడం కొనసాగిస్తూ మొక్కకు చేరాల్సిన నత్రజనిని లాగేసుకుంటుంది, ఆకులు పసుపుబారతాయి. మీరు పంచిన డబ్బాలకు రంధ్రాలే లేవు, మూత బిర్రుగా బిగుస్తుంది. అది కూడా చెప్పక తప్పడం లేదు.

ఆకులు దొరకనివాళ్ళకు దుకాణాల్లో కోకోపీట్, అంటే కొబ్బరి పొట్టు, అంటగడుతున్నారు. అది తడిని పీల్చుకుంటుంది, నిజమే. కానీ మెత్తటి పొడి కాబట్టి మధ్యలో ఆకులంతగా గాలి ఆడనివ్వదు, త్వరగా చివకదు. పైగా డబ్బు. చెట్టు ఉచితంగా రాల్చినదాన్ని కాల్చేసి, దాని బదులు కొబ్బరి పొట్టు ఇటుక కొనుక్కోమనడం ఏం పొదుపు?

నలుగురున్న ఇంటికి నెలకు ఇంచుమించు రెండు గోతాల ఆకులు పడతాయి. చిక్కేమిటంటే ఆకులు రాలేది ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా, అవసరం ఏడాది పొడుగునా, అన్నిటికంటే ఎక్కువ వానాకాలంలో. రెండు గదుల ఇంట్లో ఇరవై గోతాలు ఎక్కడ దాచుకుంటారు? పోనీ మేమే పార్కుకు వెళ్ళి ఏరుకుందామంటే కావలివాళ్ళు వెళ్ళగొడుతున్నారు. "పైనుంచి ఆర్డరు లేదు" అంటారు. వాళ్ళను తప్పుపట్టడం లేదు, ఆర్డరు లేని మాట నిజమే కదా. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు అన్నట్టుంది మా పరిస్థితి.

ఆకులు తగలబెట్టడం తప్పని మేము కొత్తగా చెప్పనక్కరలేదు. బహిరంగంగా చెత్త కాలిస్తే 5,000 రూపాయలు, భారీగా కాలిస్తే 25,000 రూపాయలు కట్టించాలని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2016 డిసెంబరు 22న ఉత్తర్వు ఇచ్చింది. పార్కుల, తోటల చెత్తను విడిగా సేకరించి వీలైనంతవరకు అక్కడే ఎరువు చేయాలని 2016 ఘనవ్యర్థాల నిర్వహణ నిబంధనలు స్థానిక సంస్థలకే చెప్పాయి. ఇంటిముందు నాలుగు ఆకులు కాల్చిన ముసలమ్మను మందలించే సిబ్బందే పార్కులో కుప్పకు నిప్పు పెడితే ఎవరికి చెప్పుకోవాలి? ఆకు కాలితే మిగిలేది కాస్త పొటాష్, కాస్త సున్నం ఉన్న బూడిద. కర్బనం, నత్రజని పొగైపోతాయి. ఆ పొగ ముందుగా పోయేది తెల్లారకముందే చీపురు పట్టుకున్న పారిశుద్ధ్య కార్మికుల ఊపిరితిత్తుల్లోకే.

ఒక మాట స్పష్టం చేయాలి. రోడ్లు ఊడ్చిన చెత్తను మేము అడగడం లేదు. అందులో గాజుపెంకులు, గుట్కా పొట్లాలు, టైర్ల దుమ్ము ఉంటాయి, తినే ఆకుకూరల కుండీల్లోకి అది రాకూడదు. పార్కుల్లో, ప్రభుత్వ కార్యాలయాల ఆవరణల్లో, బడుల్లో రాలే ఆకులే కావాలి. పచ్చతురాయి, నిద్రగన్నేరు చిన్నాకులైతే నలపనక్కరలేకుండానే చివికిపోతాయి. వేప, కానుగ, రావి కూడా మంచివే. బాదం, టేకు ఆకులు నలిపి వేయాలి. మామిడాకు ఆలస్యమవుతుంది. నీలగిరి మాత్రం వేరుగా ఉంచాలి.

వార్డుకొక చోట, పదడుగుల పొడవు వెడల్పుల్లో, పైన రేకు కప్పు, చుట్టూ ఇనుప వల ఉన్న చిన్న కొట్టం కట్టించండి. ట్రాన్స్‌ఫార్మర్లకు దూరంగా, నేల నుంచి జానెడు ఎత్తున దిమ్మె మీద ఉంటే చాలు, వాన తడీ నిప్పూ రెండూ తగలవు. ఖాళీ గోతం తెచ్చినవాళ్ళకు నిండు గోతం ఇప్పించండి. ఊడ్చేవాళ్ళ మీద అదనపు భారం పడకూడదు, గోతాలకెత్తే పనికి వాళ్ళకు విడిగా కూలి ఇవ్వండి. వానలకు ముందు కరెంటు తీగల కింద కొట్టేసే కొమ్మలను కూడా వదిలేయకండి, వాటిని ముక్కలు చేసే యంత్రం సర్కిల్‌కు ఒకటి ఉంటే అపార్టుమెంట్లలో ఎరువు చేసే పెద్ద తొట్లకు ఆ ముక్కలు సరిపోతాయి.

కొట్టం ఇప్పుడే కుదరకపోతే మానె. కనీసం ఆకులు ఏరుకోనివ్వమని పార్కులకు ఒక కాగితం పంపించండి. కాల్చవద్దని ఇంకో కాగితం పంపించండి. జనవరిలోపు పంపితే వచ్చే ఆకురాలు కాలానికి అందుతుంది. ఆకులు కాల్చవద్దు సార్, దయచేసి కాల్చవద్దు. గోతాలు మేమే తెచ్చుకుంటాం, మోసుకెళ్ళేదీ మేమే.

ఇట్లు,
మిద్దె తోటలు పెంచుకుంటున్న నగరవాసులు