యాంటీఆక్సిడెంట్ మాత్రలతో వయసు ఆగదు

సంపాదకునికి,

‘వయసు తగ్గించే’ యాంటీఆక్సిడెంట్ మాత్రలు మందుల షాపుల్లో చీటీ లేకుండానే దొరుకుతున్నాయి. వాటితో ముసలితనం వాయిదా పడుతుందని పెద్ద పరీక్షలేవీ తేల్చలేదు. పైగా ఫిన్లాండ్‌లో పొగతాగే మగవారికి రోజుకు 20 మిల్లీగ్రాముల బీటా కెరోటిన్ అనే యాంటీఆక్సిడెంట్ ఇస్తే ఊపిరితిత్తుల క్యాన్సర్ 18 శాతం పెరిగిందని 1994లో బయటపడింది. ఈ మాత్రలు అణచాలని చూసేది ఫ్రీ రాడికల్స్‌ను, అంటే ఒంట్లో పుట్టి కణాలను దెబ్బతీయగల చురుకైన అణువులను. కానీ అవన్నీ శత్రువులు కావు. వ్యాయామంలో పుట్టేవి, సొంత రక్షణ పెంచుకొమ్మని కండరాలకు సంకేతమిస్తాయి; ఎక్కువ మోతాదు మాత్రలు ఆ సంకేతాన్నే నొక్కేయవచ్చు. రక్తం పలచబడే వార్ఫరిన్ వాడేవారికి, మరో యాంటీఆక్సిడెంట్ అయిన విటమిన్ ఇ ఎక్కువైతే రక్తస్రావం ముప్పు. డబ్బా వెనక మోతాదు చదవండి, డాక్టరుకు చూపించండి. బీడీ, సిగరెట్ అలవాటున్నవారు బీటా కెరోటిన్ మాత్రల జోలికి పోవద్దు. ఉసిరి, జామ తినడానికి ఈ భయం లేదు. ఈ హెచ్చరికను డబ్బా మీద తెలుగులో అచ్చువేయించాలి.

– ఒక ఫార్మసిస్టు