సౌండ్ కార్డు వయసు చిప్పుల మీదే ఉంది
సంపాదకులకు నమస్కారం.

పాత కంప్యూటర్ల తుక్కులో దొరికిన ప్రతి సౌండ్ బ్లాస్టర్‌నూ (కంప్యూటర్‌లో శబ్దం పలికించే సౌండ్ కార్డు) 'మొట్టమొదటిది' అని చెప్పి అమ్ముతున్నారు. కంప్యూటర్లు బాగుచేయడమే వృత్తిగా బతికిన నాకు ఇది చూస్తే మనసు కష్టపడుతోంది.

సింగపూర్ సంస్థ క్రియేటివ్ 1989లో తెచ్చిన తొలి కార్డు మీద సాధారణంగా సీటీ1320 అని ఉంటుంది. ఆ అంకెలు మాత్రమే చూస్తే చాలదు, తర్వాతి 1.5 రకం మీదా అవే ఉంటాయి. తొలి రకానికి శబ్దాలు పుట్టించే ఫిలిప్స్ ఎస్‌ఏఏ1099 చిప్పులు రెండు అమర్చి ఇచ్చేవారు. 1.5లో ఆ చిప్పులు కూర్చునే సాకెట్లు ఖాళీ. కావలసినవారు చిప్పులు విడిగా కొని పెట్టుకునేవారు. కాబట్టి సాకెట్లు నిండి ఉన్నంత మాత్రాన తొలి కార్డు అయిపోదు. అంకెల పక్కనున్న అక్షరాన్నీ, చిప్పుల మీది తేదీ సంకేతాలనూ కలిపి చదవాలి. 8936 అంటే 1989లో 36వ వారం. సీటీ1350 అని ఉంటే అది 2.0 రకం, వాదన అక్కర్లేదు.

కెనడా వారి యాడ్‌లిబ్ సౌండ్ కార్డు విషయం తేలిక: 1987 నాటిదానికి స్పీకర్ వైరు గుచ్చే జాక్ లావుగా ఉంటుంది, 1990 నాటిదానికి సన్నది.

అమ్మేవారికి నా విన్నపం: కార్డు రెండు వైపులా ఫొటోలు పెట్టండి. శుభ్రం చేసే పేరుతో చిప్పుల మీది స్టిక్కర్లు పీకకండి.

— విశ్రాంత కంప్యూటర్ మెకానిక్, సికింద్రాబాద్