ఫొటో బాగుంది, మ్యాపింగ్ మాటేంటి?

సంపాదకులు గారికి,

పోయిన వారం మీ పత్రికలో వినికిడి లేని బాబుకు కాక్లియర్ ఇంప్లాంట్ (శబ్దాన్ని కరెంటుగా మార్చి చెవి లోపలి నరానికి అందించే మిషన్) పెట్టిన వార్త చూశాను. తల్లి కళ్ళలో నీళ్ళు, అధికారి గారి చేతిలో బొకే, పైన ‘ఇక అన్నీ వినిపిస్తాయి’ అని శీర్షిక. కోపం చల్లారాక రాద్దామని ఆగాను. చల్లారలేదు.

మా మనవరాలికి ఇంప్లాంట్ పెట్టి మూడేళ్ళయింది. ఆపరేషన్ ఒక్క పూట పని. కొన్ని వారాలకు మిషన్ ఆన్ చేస్తారు చూడండి, అసలు కథ అప్పుడు మొదలు. చెవి లోపల పెట్టిన తీగ మీద కరెంటు అందించే చుక్కలుంటాయి, వాటినే ఎలక్ట్రోడ్లంటారు. ఒక్కో ఎలక్ట్రోడ్‌కూ ఎంత కరెంటిస్తే సన్నగా వినిపిస్తుందో, ఎంత దాటితే పిల్ల ఓర్చుకోలేదో చూసి, బయట చెవి దగ్గర పెట్టుకునే ప్రాసెసర్‌లో పెట్టాలి. అదే మ్యాపింగ్. లోపల ఎలక్ట్రోడ్ల చుట్టూ కణజాలం మారుతుంది, పిల్లకు శబ్దం అలవాటవుతుంది, నిన్న సరిపోయింది నెల తిరిగేసరికి చాలదు. అందుకే మొదటి ఏడాది పదేపదే తిరగాలి. ఆ తర్వాతా ఆరు నెలలకో ఏడాదికో తప్పదు. ఏడాది పిల్ల ‘తాతా, గట్టిగా ఉంది’ అని చెప్పగలదా? పాలు తాగుతూ ఒక్క క్షణం ఆగిందా, రెప్ప వేసిందా అని ఆడియాలజిస్టే (వినికిడి పరీక్షించే నిపుణురాలు) కనిపెట్టుకుని కూర్చోవాలి. కాస్త పెద్దయ్యాక బీప్ వినిపించినప్పుడల్లా పుల్లకు రింగు తొడగమంటారు. మా గడుగ్గాయి ఒకరోజు బీప్‌తో పని లేకుండా రింగులన్నీ గబగబా తొడిగేసింది, ఇంటికి పోవచ్చని!

శబ్దాలన్నీ అందుతున్నాయో లేదో చూడటానికి రోజూ పొద్దున్నే మా కోడలు నోటికి కాగితం అడ్డం పెట్టుకుని ఆ, ఈ, ఊ, మ్, శ్, స్ అంటుంది, పిల్ల తిరిగి అనాలి. పోయినేడు ఉన్నట్టుండి ‘స్’ పోయింది. సబ్బు ‘అబ్బు’ అయింది. ఆసుపత్రికి ఫోన్ చేస్తే ‘మీ తేదీకి ఇంకా రెండు నెలలుంది కదండీ’ అన్నారు. ఈలోగా బడిలో టీచరు గారు ‘మాట వినదండీ’ అని ఫిర్యాదు. నిజమే, వినదు! తీరా వెళ్ళాక చూస్తే ‘స్’ లాంటి కీచు శబ్దాలు అందించే ఎలక్ట్రోడ్లు రెండు పనిచేయడం లేదు. వాటిని ఆపేసి, వాటి వంతు పక్కవాటికి సర్దారు. అంతా కలిపి గంట పని.

ఆ ఆడియాలజిస్టును ఏమీ అనను, బయట బెంచీల నిండా పిల్లలు, లోపల ఆమె ఒక్కతే. మిషన్లు కొన్నవాళ్ళకు మనుషుల్ని పెట్టాలని తోచదు. ఎక్కడైనా ఇంతే. రోడ్డు వేస్తే రిబ్బన్ కత్తిరిస్తారు, గుంట పూడ్చడానికి కత్తెర పట్టుకుని ఎవరొచ్చారు? ఇక్కడ శబ్దం ఎక్కువై పిల్ల తలకు అంటుకుని ఉండే కాయిల్ పీకేస్తే మొండిదని తిట్టి ప్రాసెసర్‌ను బీరువాలో పెట్టేసే ఇళ్ళున్నాయి. రోజుకు ఎన్ని గంటలు పెట్టుకుందో ప్రాసెసర్‌లోనే నమోదవుతుంది. అడిగే నాథుడేడీ?

ఆ బాబు దగ్గరికే ఏడాది పోయాక మీ విలేకరిని పంపండి. ఎన్నిసార్లు మ్యాపింగ్ అయిందో, ఆఖరిది ఎప్పుడో అడిగి అచ్చు వేయండి. బొకేతో నిలబడ్డ అధికారి గారినీ అదే ప్రశ్న అడగండి.

– ఒక తాత